దుప్పటి బయట

ఫిబ్రవరి 9, ఆదివారం

కొత్త ఇంట్లో మొదటి వారం గడిచింది. చదువుకునేటప్పుడు పాపటోయిటోయిలో ఉన్న ఫ్లాట్‌లో అయిదుగురు ఆడపిల్లలం ఒకళ్ల కాళ్లు ఒకళ్లం తొక్కుకుంటూ బతికాం. ఇక్కడ టౌరంగాలో నాకంటూ ఒక గది. కిటికీలోంచి దూరంగా పోర్టు క్రేన్లు కనపడతాయి.

నా ఉద్యోగాన్ని "ఓ పేర్" అంటారు. ఫోన్లో నవీన అక్క "మాకు ఓ పేర్ కావాలి" అంటే, నేను "ఏం పేరక్కా?" అని అడిగాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. ఫ్రెంచి మాటట. "సమానంగా" అని అర్థమట. పనిమనిషి కాదు, ఇంట్లో మనిషి. వాళ్లతోపాటే తిండి, వాళ్లింట్లోనే పడక. నాలుగేళ్ల సిరిని చూసుకోవాలి, తెలుగు నేర్పాలి.

"ఇంగ్లిష్ ఎలాగూ కిండీ బడిలో వచ్చేస్తుంది జ్యోతీ. నువ్వు దానితో తెలుగే మాట్లాడు. నిన్ను పిన్ని అంటుంది, ఓకేనా?"

పిన్ని. అంటే నేను ఆవిడ చెల్లెల్ని.

శశిధర్ గారు ఒక్క షరతు పెట్టారు, అదీ మొహమాటపడుతూ. "ఏమనుకోకమ్మా, నువ్వు మీ చర్చిలో స్పీచ్‌లు ఇస్తావట కదా. ఇంట్లో మాత్రం వద్దు."

స్పీచ్‌లట. రేపల్లె చుట్టుపక్కల నేను మైకు పట్టుకుంటే వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు పని ఆపి తల తిప్పేవాళ్లు. ఏ బైబిలు కాలేజీ గుమ్మమూ తొక్కలేదు. హాస్టల్ వార్డెనమ్మ ఇచ్చిన అట్టలూడిన గ్రంథమే నా కాలేజీ. అయినా సరేనన్నాను. అన్నం పెట్టే ఇంటి మాట అది. నోటికి తాళం వేస్తాను. చేతికి వెయ్యమనలేదు కాబట్టి ఈ డైరీ.

ఫిబ్రవరి 18, మంగళవారం

సిరికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటానికే బద్ధకం. ఈ మధ్య దూకుడుగా మాట్లాడుతోంది, తప్పులతో సహా. అందులో ఒక తప్పు ఉంది.

"పిన్నీ, మనం సండే బీచ్‌కి వెళ్లాం. మనం ఐస్‌క్రీం తిన్నాం."

ఆదివారం నేను బీచ్‌కి వెళ్లలేదు. ఉదయభాస్కర్ అన్న గరాజ్‌లో జరిగే తెలుగువాళ్ల ప్రార్థన కూడికకి వెళ్లాను. బీచ్‌కి వెళ్లింది వాళ్ల ముగ్గురే. "మేం వెళ్లాం" అనాలి. పిల్ల తప్పు కాదు, ఇంగ్లిష్‌లో రెండిటికీ ఒకటే మాట. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, బయట నిలబెడితే మేం. ఆ గీత గీసింది మన భాష.

దిద్దుదామని నోరు తెరిచాను.

"ఏ ఫ్లేవర్ తిన్నాం?" అన్నాను.

"హోకీ పోకీ. నువ్వు డ్రెస్ మీద కార్చుకున్నావ్."

రేపు దిద్దుతాను.

ఫిబ్రవరి 27, గురువారం

దిద్దలేదు.

మార్చి 12, బుధవారం

భోజనాలయ్యాక నవీన అక్క కుక్కర్ కడుగుతోంది. నేను తుడిచి పెడుతున్నాను. ఉన్నట్టుండి చెప్పింది.

"జూలైలో మనం బ్రిస్బేన్ వెళ్లిపోతున్నాం జ్యోతీ. శశికి అక్కడ జాబ్ కన్ఫర్మ్ అయింది. మనకి కాస్త పెద్ద ఇల్లు చూసుకోవాలి. ఈ చలి బాధ వదిలిపోతుంది."

గిన్నె జారి కింద పడబోయింది. పట్టుకున్నాను.

ఆవిడ "మేం" అనలేదు. నా మొహంలోకి చూస్తూ "మనం" అంది. ఆ వెంటనే "మనకి" అంది.

సహోదరులారా, అని రాయబోయాను. ఇక్కడ సహోదరులెవరూ లేరు, నేనూ ఈ బాల్‌పెన్నూ. అయినా నాకు నేనే చెబుతాను, విను ఆశాజ్యోతీ. గ్రంథాన్ని తెలుగు చేసినవాళ్లకి పుటపుటకీ ఇదే పరీక్ష ఎదురై ఉంటుంది. ఇక్కడ మనమా, మేమా? మొట్టమొదటి అధ్యాయంలోనే, మనిషిని చెయ్యబోతూ దేవుడు "మన" పోలిక అన్నాడు. తన దగ్గరున్నవాళ్లని బయట పెట్టలేదు. ఆ ఒక్క అక్షరం మారితే సిద్ధాంతం మొత్తం మారిపోతుంది. పలికిన మాట ఉత్తచేతులతో తిరిగి రాదని ప్రవక్త చెప్పలేదా?

హాస్టల్లో పెరిగినదానికి "మా" బోలెడు దొరుకుతుంది. మా బెంచీ, మా కంచాలు, మా వార్డెనమ్మ. ఊళ్లోవాళ్లకి మమ్మల్ని పరిచయం చేసుకోవడానికి వాడే మాట అది. మనం అని నన్ను కలుపుకుని మాట్లాడినవాళ్లు అమ్మ తర్వాత ఎవరున్నారో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. నిద్ర వచ్చేసింది.

మార్చి 20, గురువారం

సిరికి స్నానం చేయిస్తున్నాను. టబ్బులో ప్లాస్టిక్ పడవ. దువ్వెన తెడ్డు. "స్టోరీ చెప్పు పిన్నీ" అంటే తుఫాను కథ చెప్పాను. ఇది దేవుడి వాక్యం చెప్పడం కాదు, కథ. నవీన అక్క ఇయర్‌ఫోన్లతోనే తలుపు దగ్గరికి వచ్చింది. భయపడ్డాను.

"కథేగా, చెప్పు. కాస్త సౌండ్ తగ్గించు తల్లీ, మీటింగ్‌లో ఉన్నా."

తగ్గించి చెప్పాను. పడవలోకి నీళ్లు వచ్చేస్తున్నాయి. ప్రభువు తలగడ వేసుకుని నిద్రపోతున్నాడు. మరి శిష్యులు ఆయన్ని ఏమని లేపారు?

సిరి రెండు చేతులతో నీళ్లు చరిచింది. "మనం మునిగిపోతున్నాం, వేకప్!"

గ్రంథంలో వాళ్లు "మేము" అన్నారు. ఎన్నోసార్లు చదివాను, ఎన్నడూ కళ్లకి ఆనలేదు. ఆయనా అదే పడవలో ఉన్నాడు, ఆయనా తడుస్తున్నాడు. ఆ మాటతో ఆయన్ని ఒడ్డున నిలబెట్టేశారు. ఈ పసిది నిలబెట్టలేదు.

మార్చి 23, ఆదివారం

చెప్పాను. చాలాకాలానికి వాక్యం చెబుతున్న నా గొంతు నాకు వినపడింది.

భాస్కర్ అన్న గరాజ్‌లో కారు బయట పెట్టి చాపలు పరిచారు. ఎక్కువమంది కివీపండ్ల ప్యాక్‌హౌస్‌లో రోజంతా నిలబడి పనిచేసి వచ్చినవాళ్లు, పిల్లలు ఒళ్లో. "ఓ శిష్యుడా, ఓ పేతురూ," అన్నాను, "నిద్రపోతున్నంత మాత్రాన ఆయన పరాయివాడయ్యాడా? నీ పడవలో కూర్చున్నవాడితో మేం ఏమిటి, మేం? మనం అను." అలా మొదలైంది. ఎక్కడ ఆగిందో నాకు తెలీదు. తెలుగు రాని పక్కింటి కివీ పెద్దాయన ఫెన్స్ మీంచి తొంగిచూసి, ఎవరైనా పోట్లాడుకుంటున్నారా అని అడిగాడట. "కాదు, ప్రేమ గురించే" అని భాస్కర్ అన్న చెప్పాడట.

తర్వాత టీ తాగుతూ ఆయనకి బ్రిస్బేన్ సంగతి చెప్పాను.

"నిన్ను రమ్మన్నారా చెల్లెమ్మా?"

"మనం వెళ్తున్నాం అన్నారన్నా."

"రమ్మన్నారా అని అడుగుతున్నా."

"మనం అంటే రమ్మన్నట్టే గదా."

"మా సూపర్వైజర్ తెలుగాయనే. సీజన్ మొదట్లో ఈసారి మనం రికార్డు కొట్టాలి అంటాడు. కొట్టాక బార్బెక్యూ ఆయనకి, బాక్సులు మాకు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. భాస్కర్ అన్న మంచివాడే. విశ్వాసం కాస్త తక్కువ.

ఏప్రిల్ 8, మంగళవారం

పాపటోయిటోయి నుంచి ఇంద్రజ గారి ఫోన్. ఆవిడ అక్కడ పసిపిల్లల సెంటర్ నడుపుతారు. చదువుకునేటప్పుడు నేను శిక్షణకి వెళ్లింది ఆవిడ దగ్గరికే.

"జూన్ నుంచి నాకో టీచర్ కావాలమ్మాయ్. పర్మనెంట్. నీ పేపర్లు నేను చూసుకుంటా, ఈ దేశంలో సెటిల్ అయిపోతావ్. ఈ నెలాఖరులోగా చెప్పు, ఆపైన ఆగలేను."

నా వీసా ఈ ఏడాదితో అయిపోతుంది. ఇలాంటి పిలుపు కోసం ఫ్లాట్‌లో మేమంతా మోకాళ్ల మీద ప్రార్థన చేసేవాళ్లం.

ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికేముందని ఆవిడ.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టర్. తెల్లవారుతుండగా బీచ్‌లో ఆరాధన. ఇసుక చల్లగా ఉంది. సముద్రంలోంచి సూర్యుడు వస్తుంటే వచ్చే ఈస్టరు గురించి ఆలోచించాను. బ్రిస్బేన్‌లో సూర్యుడు మనకంటే ఆలస్యంగా వస్తాడట.

ఇంటికొచ్చేసరికి సిరి నాకోసం ఒక చాక్లెట్ గుడ్డు దాచి ఉంచింది. సగం కొరికి ఉంది.

ఏప్రిల్ 29, మంగళవారం

ఇంద్రజ గారికి రానని చెప్పేశాను.

నవీన అక్కని ముందు ఒకమాట అడగొచ్చు కదా అనిపించింది. అడిగితే ఆ మాటని నమ్మనట్టే అవుతుంది. గ్రంథంలో రూతు అత్తగారి వెంట పరాయి దేశం నడుస్తూ, నాకు అక్కడ పడక ఉందా అని అడిగిందా? ఆవిడ వెళ్లే చోటికల్లా తనూ వెళ్తానంది, అంతే.

మే 17, శనివారం

సామాన్లు అమ్మడం మొదలైంది. నవీన అక్క ఫోన్ పట్టుకుని గదిగదికీ వెళ్లి ఫోటోలు తీసింది. నా గదిలోకీ వచ్చింది.

"ఈ బెడ్ కూడా పెట్టేస్తా జ్యోతీ. మోసుకెళ్లడం వేస్ట్. మనం అక్కడ అన్నీ కొత్తవి కొనుక్కుందాం."

నాకు ఈ మంచమే చాలని చెబుదామనుకున్నాను. కొత్తది కొంటానంటున్న మనిషి మాట కాదనడం దేనికి.

మే 28, బుధవారం

సిరికి ముందు పళ్లలో ఒకటి కదులుతోంది. ఇంత చిన్న వయసులోనే. "మన టూత్ వూగుతోంది" అంది.

జూన్ 14, శనివారం

వైజాగ్ నుంచి సిరి అమ్మమ్మ కామేశ్వరమ్మ గారి వీడియో కాల్. సిరి గడగడా మాట్లాడుతుంటే పక్కన కూర్చుని గర్వపడుతున్నాను.

"అమ్మమ్మా, మనం టౌరంగాలో ఉన్నాం. మనకి చలి. మనం బ్రిస్బేన్ వెళ్తున్నాం."

"మనం ఏమిటే, నా తల్లీ? నాకు ఇక్కడ చెమటలు కారుతుంటే," అని ఆవిడ నవ్వి, "నవీనా, పిల్లకి మనం, మేం తేడా తెలీడం లేదే" అంది.

"ఏమో అమ్మా, ఆ తేడా ఏంటో నాకే సరిగ్గా తెలీదు. ఇంటర్ అవ్వగానే వచ్చేశాగా," అంది నవీన అక్క. "జ్యోతీ, ప్లీజ్, అదొక్కటీ నేర్పెయ్ దానికి. వెళ్లేలోపు."

నాకే సరిగ్గా తెలీదు అంది.

తల్లి ముందు సరదాకి అని ఉంటుంది.

జూన్ 16, సోమవారం

సిరికి జలుబు, కిండీ మానేసింది. బయట వాన. ఇక నేర్పక తప్పదు.

రెండు కుర్చీల మీద నా మంచం మీది పెద్ద దుప్పటి పరిచి గుడారం కట్టాను. సిరి తన బన్నీ బొమ్మతో లోపలికి దూరింది. నేను బయట కూర్చున్నాను.

"లోపల ఎవరున్నారు?"

"సిరి. బన్నీ."

"నేనెక్కడున్నాను?"

"దుప్పటి బయట."

"అయితే నాతో, మేం దాక్కున్నాం, అనాలి." నేనూ లోపలికి దూరాను. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. "ఇప్పుడో?"

"మనం దాక్కున్నాం."

బయటికి. మేం. లోపలికి. మనం. ఒక పూటలో వచ్చేసింది. నేను బయటికి వచ్చిన ప్రతిసారీ "మేం, మేం" అని మేకపిల్లలా అరిచి పడీపడీ నవ్వింది. ఇంత తేలికని తెలిస్తే... ఏం చేసేదాన్ని? తెలుసు నాకు, తేలికేనని.

కాసేపటికి గుడారంలోంచి నవ్వు ఆగిపోయింది. ఆలోచిస్తోంది.

"పిన్నీ, బ్రిస్బేన్ దుప్పట్లో ఎవరున్నారు?"

జవాబు తనే చెప్పుకుంది.

"మమ్మీ, డాడీ, సిరి. నీకు ప్లేన్‌లో సీట్ లేదు. మమ్మీని అడిగాను." దుప్పటి అంచు పైకెత్తి మొహం బయట పెట్టింది. "సో, మనం కాదు. మేం బ్రిస్బేన్ వెళ్తున్నాం. కరెక్టా?"

"కరెక్ట్," అన్నాను.

సరిగ్గా చెప్పినప్పుడల్లా చేతి మీద ఒక నక్షత్రం స్టిక్కర్ అంటిస్తాను. అంటించాను.

సాయంత్రం నవీన అక్క కూరగాయలు కడుగుతుంటే పక్కన నిలబడ్డాను.

"అక్కా, బ్రిస్బేన్‌కి మనం వెళ్తున్నాం అన్నారు."

"అవును, టికెట్లు కూడా వచ్చేశాయ్. మనం ఆరో తారీఖు వెళ్తున్నాం."

"మనం అంటే?"

"మనం అంటే మనమే జ్యోతీ. నేనూ, శశీ, సిరీ."

తర్వాత నా మొహం చూసింది. కుళాయి కట్టేసింది.

"నువ్వు... అయ్యో. అయ్యో జ్యోతీ. నువ్వు ఇక్కడే సెంటర్లో జాబ్ చూసుకుంటున్నావనే అనుకున్నాం మనం."

తడి చేతులతోనే నన్ను పట్టుకుంది. ఏడ్చింది కూడా. ఆవిడ అబద్ధమాడలేదు. ఆ ఇంట్లో మొదటినుంచీ ఒకటే మాట ఉంది. సిరికి ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో చూడకుండా ఇన్నాళ్లూ ఇంగ్లిష్ మీద తోశాను. అది తల్లి ఒళ్లో నేర్చుకున్న తెలుగు.

జూన్ 17, మంగళవారం

ఇంద్రజ గారికి ఫోన్ చేశాను.

"నిహారిక అని ఒకమ్మాయిని తీసుకున్నానమ్మా. మంచి పిల్ల. ఖాళీ వస్తే చెబుతాలే. నువ్వు అప్పుడు ఎందుకు కాదన్నావో నాకు ఇప్పటికీ అర్థం కాదు."

రూతు "నేను వస్తాను" అంది. ఆమె అన్న మాట "నేను". నేను పట్టుకున్న మాట "మనం". వస్తానని నేను ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నవీన అక్క ఆ రోజే నోరు తెరిచి నిజం చెప్పేది. నేను సెంటర్లో ఉండేదాన్ని. అడగకపోవడాన్ని విశ్వాసం అనుకున్నాను. అది భయం.

జూన్ 20, శుక్రవారం

ఇవాళ "మతారికి", ఇక్కడివాళ్ల కొత్త ఏడాది పండగ, అందరికీ సెలవు. శశిధర్ గారు నా వైపు చూడలేక గ్రైండర్‌ని మూడుసార్లు ప్యాక్ చేసి విప్పారు. "బ్రిస్బేన్‌లో కూడా మీ వాళ్ల చర్చిలు ఉంటాయమ్మా, ఎప్పుడైనా రా, స్పీచ్ ఇద్దువు గాని" అన్నారు. పాపం.

జూన్ 22, ఆదివారం

టౌరంగాలో నా చివరి కూడిక. ఏం చెబుతావని భాస్కర్ అన్న అడిగితే, అదే పడవ అన్నాను.

నేను ఆ రోజు పేతురుని తిట్టాను. ఇవాళ ఆయన్ని క్షమాపణ అడుగుతున్నాను, అన్నాను. పడవలో పక్కనే పడుకున్నవాడు, నువ్వు మునుగుతుంటే ఎంత దూరంగా కనపడతాడో నాకు అప్పుడు తెలీదు. వాళ్లకి మేము అనే మాటే వచ్చింది. వినండి. నేనూ ఉన్నానుగా, మనం అనండి, అని ఆయన వాళ్ల మాట దిద్దాడా? దిద్దలేదు. లేచాడు. గాలిని ఆపాడు. ఎందుకు భయపడ్డారని అడిగింది ఆ తర్వాతే.

లేచాడు, అన్న చోటే ముగించాను. ఈసారి పక్కింటి పెద్దాయన తొంగిచూడలేదు.

నా సంగతిలో ఆయన ఇంకా లేవలేదు. చూస్తున్నాను. తలగడ కూడా నాదే ఇచ్చాను.

జూలై 6, ఆదివారం

వెళ్లారు.

పొద్దున సూట్‌కేసులు కార్లో సర్దుతూ నవీన అక్క ఆ పెద్ద దుప్పటి నా చేతుల్లో పెట్టింది. "నువ్వు ఉంచుకో జ్యోతీ. అక్కడ మనకి ఇంత మందంది అక్కర్లేదు."

నాకు నవ్వు వచ్చింది. ఆవిడ కూడా, ఎందుకో అర్థం కాకుండానే, నవ్వింది.

సిరి కారు సీట్లో బెల్టు పెట్టించుకుని కూర్చుంది. అద్దం దించి, "పిన్నీ, మేం వెళ్తున్నాం" అంది. చెయ్యి చాపి చూపించింది, స్టిక్కర్ కోసం. నా దగ్గర ఒక్కటీ మిగల్లేదు. చేతి మీద ముద్దుపెట్టాను. తుడుచుకుంది.

భాస్కర్ అన్న తన వ్యాన్‌లో నన్ను పాపటోయిటోయి దాకా దింపాడు. దారంతా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. దిగేటప్పుడు మాత్రం, "చెల్లెమ్మా, వచ్చే నెల మా కూడికకి రా. మైకు నీకే ఉంచుతాం. రమ్మంటున్నా, వింటున్నావా? రమ్మని అంటున్నా" అన్నాడు.

జూలై 20, ఆదివారం

పాత ఫ్లాట్, పాత అయిదో పరుపు. అప్లికేషన్లు వేస్తున్నాను. శని, ఆదివారాలు ఫిజీ ఇండియన్ వాళ్ల కొట్లో పని. దుప్పటి మాత్రం బాగుంది. ఈ ఫ్లాట్‌లో దానికి పేరు "జ్యోతి గుడారం".

ఇవాళ కొట్టు నుంచి వచ్చాక బ్రిస్బేన్ నుంచి వీడియో కాల్. సిరి ఎండకి నల్లబడింది. ఆ కదిలే పన్ను ఊడిపోయింది.

"పిన్నీ, మేం పూల్‌కి వెళ్లాం. మా ఇంట్లో పెద్ద లిజర్డ్ ఉంది. మేం ఐస్‌క్రీం తిన్నాం."

ప్రతి మాటనీ పట్టి చూశాను. మేం. మా. మేం. ఒక్కటైనా జారుతుందేమోనని ఒక వాక్యం పూర్తయ్యేలోపే తర్వాతి వాక్యం కోసం ఎదురుచూశాను.

"ఏ ఫ్లేవర్ తిన్నాం?" అని అడిగాను.

సిరి తెరకి దగ్గరగా వచ్చింది. నాకు రాని పాఠం నాకు నేర్పుతున్నట్టు, నెమ్మదిగా, ఓపిగ్గా చెప్పింది.

"తిన్నాం కాదు పిన్నీ. నువ్వు తినలేదు. మేం తిన్నాం."

"కరెక్ట్," అన్నాను.